1960 ఎన్నికల్లో అలబామా కెనడీకి వేసిన ఓట్లు ఎన్ని?

రాజనీతి అధ్యాపకుడు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా అధ్యక్షుడి ఎన్నిక మీద పాఠం చెప్పే ముందు 1960 నాటి ఫలితాల పట్టికను నల్లబల్ల మీద వేద్దామని మా గ్రంథాలయంలో ఉన్న రెండు పుస్తకాలు తెచ్చుకున్నాను. రెండింటిలోనూ రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి నిక్సన్‌కు దేశం మొత్తం మీద వచ్చిన ఓట్లు 3,41,08,157 అనే ఉంది. డెమోక్రాట్ల అభ్యర్థి కెనడీ వరుస మాత్రం కలవలేదు. ఒక పుస్తకంలో 3,42,20,984 అని ఉంది. దాని ప్రకారం ఆయన 1,12,827 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండో పుస్తకంలో ఆయన ఓట్లు సుమారు 1,71,000 తగ్గి, నిక్సన్‌కే 58,000 పైచిలుకు ఆధిక్యం కనిపిస్తోంది. అచ్చు తప్పేమోనని రాష్ట్రాల వారీ పట్టికలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా సరిచూశాను. తేడా అంతా ఒక్క అలబామా దగ్గరే వచ్చింది.

అక్కడ ఒక పుస్తకం కెనడీకి 3,18,303 ఓట్లు చూపుతోంది, రెండోది 1,47,295 చూపుతోంది. ఒకే రాష్ట్రంలో, ఒకే రోజున పడిన ఓట్లకు ఇంత తేడా ఎలా వచ్చింది? ఆ రాష్ట్రానికి ఉన్న 11 ఎలక్టోరల్ ఓట్లలో కెనడీకి 5 మాత్రమే దక్కి, మిగిలిన 6 ఎన్నికల్లో నిలబడనే నిలబడని హ్యారీ బర్డ్ అనే సెనేటర్‌కు వెళ్ళాయని కూడా ఉంది. రాష్ట్రంలో గెలిచినవారికే ఎలక్టోరల్ ఓట్లన్నీ వస్తాయని ఇన్నేళ్ళుగా విద్యార్థులకు చెబుతూ వచ్చాను. తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

లెక్కల పంతులు

అధ్యాపకులు గారూ, రెండు పుస్తకాల్లోనూ అచ్చు తప్పు లేదు. లెక్కించిన పద్ధతులే వేరు. అది అర్థం కావాలంటే ముందు ఆ నాటి అలబామా బ్యాలెట్ పత్రాన్ని కళ్ళ ముందు పెట్టుకోవాలి.

అమెరికాలో ఓటరు నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోడని, ఎలక్టర్లను ఎన్నుకుంటాడని, ఆ ఎలక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారని మీరు పాఠంలో చెబుతూనే ఉంటారు. చాలా రాష్ట్రాల్లో ఒక పార్టీ ఎలక్టర్లంతా ఒకే జట్టుగా ఉంటారు కనుక ఓటరు ఒక్క గుర్తు పెడితే జట్టంతటికీ ఓటు పడినట్టే. ఆ నాటి అలబామాలో అలా కాదు. అక్కడ ఒక్కొక్క ఎలక్టర్‌కూ విడివిడిగా ఓటు వేయాల్సి ఉండేది. పార్టీ గుర్తు కింద ఒక్క గీత పెట్టి ఆ పార్టీ వారందరికీ ఓటు వేసే వీలుండేది, కావాలంటే పేర్లు ఏరుకుని 11 మందికి విడిగా గుర్తులు పెట్టే వీలూ ఉండేది. మన దగ్గర హౌసింగ్ సొసైటీ ఎన్నికల్లో రెండు ప్యానెళ్ళు నిలబడినప్పుడు కొందరు ప్యానెల్ మొత్తానికి వేస్తారు, కొందరు అటు నుంచి నలుగురిని, ఇటు నుంచి ముగ్గురిని ఎంచుకుంటారు కదా, దాదాపు అలాంటిదే. అందువల్ల ఒకే పార్టీ ఎలక్టర్లకు కూడా ఓట్లు సమానంగా రావు. నిక్సన్ తరఫున నిలబడిన 11 మందిలో అందరికన్నా ఎక్కువ వచ్చినవారికి 2,37,981 ఓట్లు, అందరికన్నా తక్కువ వచ్చినవారికి 2,30,951 ఓట్లు వచ్చాయి. ఇలాంటి చోట ఎక్కువ ఓట్లు వచ్చిన ఎలక్టర్ అంకెనే ఆ అభ్యర్థి ఓట్లుగా రాయడం ఆనవాయితీ కనుక నిక్సన్ విషయంలో పేచీ లేదు.

చిక్కు డెమోక్రాట్ల వరుసలో ఉంది. వారి తరఫున నిలబడిన 11 మందిలో అయిదుగురు మాత్రమే తమ పార్టీ జాతీయ అభ్యర్థికి ఓటు వేస్తామని మాట ఇచ్చినవారు. మిగిలిన ఆరుగురు ఎవరికీ కట్టుబడమని, తమ ఇష్టం వచ్చినవారికి వేస్తామని బహిరంగంగా చెప్పినవారు. మొత్తం 11 మందీ గెలిచారు. మాట ఇచ్చిన అయిదుగురిలో అధికంగా 3,18,303 ఓట్లు వచ్చాయి. కట్టుబడని ఆరుగురిలో అధికంగా 3,24,050 ఓట్లు వచ్చాయి, అవి వచ్చింది మాజీ గవర్నర్ ఫ్రాంక్ డిక్సన్‌కు. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. అంటే అత్యధికులు పార్టీ గుర్తు కింద ఒక్క గీత పెట్టి, కెనడీ మనుషులకూ, కెనడీని కాదన్నవారికీ ఒకేసారి ఓటు వేశారన్నమాట.

ఇప్పుడు మూడు రకాల లెక్కలు వస్తాయి. కెనడీకి 3,18,303, కట్టుబడనివారికి 3,24,050 అని రెండూ రాస్తే, నిక్సన్ ఓట్లతో కలిపి మొత్తం 8,80,334 అవుతుంది. ఆ రోజు రాష్ట్రంలో ఓటు వేసినవారు 5,70,225 మంది మాత్రమే. ఒకే మనిషిని రెండు సార్లు లెక్కపెట్టినట్టయింది. రెండో పద్ధతిలో కెనడీకి 3,18,303 ఉంచి, తేడాగా మిగిలిన 5,747 ఓట్లను మాత్రమే కట్టుబడనివారి కింద రాస్తారు. దీనిలో మొత్తం సరిపోతుంది గానీ, ఆరు ఎలక్టోరల్ ఓట్లు గెలిచిన పక్షానికి ఆరు వేల ఓట్లు కూడా లేనట్టు కనిపిస్తుంది. మూడో పద్ధతిలో డెమోక్రాట్లకు పడిన 3,24,050 ఓట్లను పదకొండు భాగాలు చేసి, అయిదు భాగాలు కెనడీకి, ఆరు భాగాలు కట్టుబడనివారికి ఇస్తారు. అప్పుడు కెనడీకి 1,47,295 వస్తాయి. మీ రెండో పుస్తకం చేసింది ఇదే. దేశం మొత్తం అంకెలో 3,18,303 తీసివేసి 1,47,295 కలపండి: 3,40,49,976 వస్తుంది. నిక్సన్ అంకె దానికన్నా 58,181 ఎక్కువ.

మూడో పద్ధతే న్యాయమని నాకు అనిపిస్తుంది. పదకొండు మందిలో అయిదుగురే ఒక అభ్యర్థి మనుషులైనప్పుడు ఆ గీతలో పదకొండింట అయిదు వంతులే ఆయనకు చెందాలి.

పాత పత్రికల పాఠకుడు

పంతులు గారు లెక్క చక్కగా విప్పి చెప్పారు. ఆ ఆరుగురూ ఎందుకు కట్టుబడలేదో చెప్పకపోతే మాత్రం విద్యార్థులకు ఇదంతా గణితంలో ఒక చమత్కారంలా మిగిలిపోతుంది. ఇది చాలా బాధాకరమైన చరిత్ర.

1948లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ పౌరహక్కుల విధానాన్ని డెమోక్రాట్ల పార్టీ సమావేశం ఆమోదించినప్పుడు అలబామా ప్రతినిధుల్లో సగం మంది ఫిలడెల్ఫియా సభా మందిరం నుంచి లేచి వచ్చేశారు. కొద్ది రోజులకే, జులై 17న, అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరంలో దక్షిణాది నాయకులు సమావేశమై దక్షిణ కరోలినా గవర్నర్ స్ట్రామ్ థర్మండ్‌ను తమ అభ్యర్థిగా నిలబెట్టారు. పైన పంతులు గారు పేర్కొన్న ఫ్రాంక్ డిక్సనే ఆ సభలో ప్రధానోపన్యాసం చేశారు. ఆ నవంబరులో అలబామా బ్యాలెట్‌లో డెమోక్రాట్ల గుర్తు కింద ఉన్న ఎలక్టర్లందరూ థర్మండ్ మనుషులే. పదవిలో ఉన్న డెమోక్రాట్ అధ్యక్షుడికి ఓటు వేద్దామన్నా ఆ రాష్ట్రంలో వేసే దారి లేదు. థర్మండ్‌కు అక్కడ నూటికి దాదాపు 80 ఓట్లు వచ్చాయి. ఆ అంకెను ఒక్కదాన్నే చూసినవారు అలబామా ట్రూమన్‌ను తిరస్కరించిందని రాస్తారు. నిజానికి అలబామా ఓటరును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

1960 నాటికి రాష్ట్ర పార్టీ రెండుగా చీలి ఉంది. గవర్నర్ జాన్ ప్యాటర్సన్, సెనేటర్లు లిస్టర్ హిల్, జాన్ స్పార్క్‌మన్ జాతీయ పార్టీతోనే ఉన్నారు. స్పార్క్‌మన్ 1952లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినవారు కూడా. వీరంతా వర్ణవివక్షను సమర్థించినవారే, అది మరచిపోకూడదు. పోట్లాట దాని మీద కాదు, పార్టీలో ఉండి దాన్ని కాపాడుకోవాలా, అధ్యక్షుణ్ణి బెదిరించి కాపాడుకోవాలా అన్న దాని మీద. మే నెల ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో, పోటీ పడిన ఈ రెండు వర్గాల నుంచే ఆరుగురూ, అయిదుగురూ ఎంపికయ్యారు. ఇక్కడ తేదీ ముఖ్యం. లాస్ ఏంజెలస్‌లో కెనడీని పార్టీ అభ్యర్థిగా ప్రకటించింది జులైలో. మే నెలలో మాట ఇచ్చిన అయిదుగురు కెనడీకి మాట ఇవ్వలేదు, పార్టీ ఎవరిని నిలబెడితే వారికి అని మాట ఇచ్చారు.

కట్టుబడనివారి ఆలోచన స్పష్టంగానే ఉంది. పోటీ హోరాహోరీగా ఉంటే ఏ అభ్యర్థికీ కావలసిన 269 ఎలక్టోరల్ ఓట్లు రాకుండా అడ్డుకోవచ్చు. అప్పుడు ఎన్నిక ప్రతినిధుల సభకు వెళుతుంది, అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. దక్షిణాది రాష్ట్రాలు బేరం పెట్టి, పౌరహక్కుల జోలికి రామని మాట తీసుకోవచ్చు. పొరుగున మిసిసిపీలో కూడా కట్టుబడని ఎలక్టర్లే గెలిచి, 8 ఓట్లూ బర్డ్‌కే వేశారు. అక్కడ కెనడీ జట్టు వేరు, కట్టుబడని జట్టు వేరు కనుక ఎవరికెన్ని ఓట్లన్న సందేహం లేదు. ఓక్లహోమాలో నిక్సన్ ఎలక్టర్ ఒకరు మాట తప్పి బర్డ్‌కు వేయడంతో ఆయనకు మొత్తం 15 అయ్యాయి. కెనడీకి 303 వచ్చినందువల్ల ఆ ఎత్తు పారలేదు.

బ్యాలెట్ గురించి ఒక్క మాట. పంతులు గారు పార్టీ గుర్తు కింద గీత అన్నారు. అలబామా డెమోక్రాట్ల గుర్తు కోడిపుంజు. ఆ పుంజు బొమ్మతో పాటు తెల్లజాతి ఆధిపత్యాన్ని చాటే నినాదం అచ్చులో ఉండేది, దాన్ని తొలగించింది 1966లో. అంటే 1960లో కెనడీ గెలవాలని కోరుకున్న మనిషి కూడా ఆ నినాదం కిందే గీత పెట్టాడు. పాత బ్యాలెట్ నమూనా అచ్చుబొమ్మను మొదటిసారి చూసిన రోజు నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు.

రాజనీతి అధ్యాపకుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. పాఠంలో నేను చెప్పాల్సింది నల్లబల్ల మీద అంకె కన్నా ఎక్కువే ఉందని అర్థమయింది. ఒక సందేహం మిగిలింది. ఆ ఆరుగురు కెనడీకి వేయబోరని ఓటర్లకు తెలుసా, లేక మోసపోయారా? అలాగే, ఎలక్టర్‌ను కట్టడి చేసే చట్టం ఏదీ లేదా?

విశాఖ న్యాయవాది

మోసమని అనలేము. ప్రైమరీ ఫలితం మే నెల నుంచీ అందరికీ తెలిసినదే, కట్టుబడమన్న మాట మీదే ఆ ఆరుగురూ అక్కడ గెలిచారు. అయితే నవంబరులో పోలింగు కేంద్రానికి వచ్చిన డెమోక్రాట్ ఓటరుకు ఉన్న దారి ఏమిటో చూడండి. కెనడీ మనుషులకు మాత్రమే వేయాలనుకుంటే అయిదు పేర్లకు గుర్తులు పెట్టి తన మిగిలిన ఆరు ఓట్లు వదులుకోవాలి. కెనడీకి పూర్తిగా 11 ఎలక్టర్లను ఇచ్చే అవకాశం బ్యాలెట్ మీద లేనే లేదు.

చట్టం సంగతి. అలబామా శాసనసభ 1945లో ఎలక్టర్లు జాతీయ పార్టీ అభ్యర్థికే ఓటు వేయాలని చట్టం చేసింది. 1948లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత 1952లో రే వర్సెస్ బ్లెయిర్ అనే కేసు, అది కూడా అలబామా నుంచి వెళ్ళినదే, అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ప్రైమరీలో నిలబడే ఎలక్టర్ అభ్యర్థి నుంచి పార్టీ హామీ పత్రం తీసుకోవచ్చని కోర్టు తీర్పు చెప్పింది. తీసుకోవచ్చు అన్నదే గాని, తీసుకోవాలి అనలేదు. ఇచ్చిన హామీని తప్పితే ఏమవుతుందో ఆ తీర్పు తేల్చలేదు. 1956లో అలబామా డెమోక్రాట్ ఎలక్టర్ ఒకరు పార్టీ అభ్యర్థి స్టీవెన్సన్‌కు వేయవలసిన ఓటును వాల్టర్ జోన్స్ అనే స్థానిక న్యాయమూర్తికి వేశారు, ఆ ఓటు అలాగే లెక్కలోకి వెళ్ళింది. ఈ జోన్స్ గారే 1960 నవంబరు మొదటి వారంలో, పోలింగుకు కొద్ది రోజుల ముందు, మాంట్‌గోమరీలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక మీద నగర కమిషనర్ సలివన్ వేసిన పరువునష్టం దావాను విచారించారు. పత్రికా స్వేచ్ఛ గురించి చదివే ప్రతి న్యాయ విద్యార్థికీ ఆ కేసు పేరు తెలుసు.

పంతులు గారితో ఒక విషయంలో నేను ఏకీభవించలేను. పదకొండింట అయిదు వంతులు అనే లెక్క చూడటానికి నిష్పక్షపాతంగా ఉన్నా, అది ఓట్లను పంచుతోంది గాని ఓటర్లను లెక్కపెట్టడం లేదు. మన దగ్గరే దీనికి పోలిక ఉంది. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, ఒకటి జనరల్, ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. వి.వి. గిరి గారు అక్కడ పోటీ చేసి ఓడిపోయారు, గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర గారు ఎక్కువ ఓట్లతో జనరల్ స్థానాన్నే గెలుచుకున్నారు. అది చెల్లదని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 1959లో తీర్పు సూరిదొర గారి పక్షానే వచ్చింది. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో రద్దు చేశారు. ఇప్పుడు ఆ పార్వతీపురం ఫలితంలో అభ్యర్థుల ఓట్లన్నీ కూడితే పోలింగుకు వచ్చినవారి సంఖ్యను మించిపోతుంది. అందువల్ల ఒక్కొక్క ఓటరునూ సగం సగం చేసి ఈ సగం ఫలానావారిది అని మనం రాయము. ఫలానా అభ్యర్థికి ఇంతమంది ఓటు వేశారని రాస్తాము, ఎందుకంటే అంతమంది నిజంగానే వేశారు. అలబామాలో కూడా 3,18,303 మంది కెనడీకి కట్టుబడిన ఎలక్టర్‌కు గుర్తు పెట్టిన మాట వాస్తవం. 1,47,295 మంది ఫలానా పని చేశారని ఎవరూ చూపించలేరు.

లెక్కల పంతులు

లాయరు గారూ, పార్వతీపురం పోలిక బాగుంది, నా మాటలో కొంత వెనక్కి తగ్గుతున్నాను. 1,47,295 అన్నది మనుషుల సంఖ్య కాదన్నది నిజమే. కాని అదే తర్కంతో డిక్సన్‌కు 3,24,050 మంది వేశారన్నదీ వాస్తవమే కదా. మొదటి అంకెను పట్టికలో ఉంచి రెండోదాన్ని 5,747కు కుదించే పద్ధతిని మీరు కూడా ఒప్పుకోరనుకుంటాను. అందువల్ల నా ఉద్దేశంలో అధ్యాపకులు గారు అలబామా వరుసలో రెండు అంకెలూ రాసి, పక్కనే ఓటు వేసిన మనుషులు 5,70,225 అని రాయాలి. దేశం మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లు వచ్చాయంటే, అలబామాను పక్కన పెట్టిన లెక్క చెప్పాలి. మిగిలిన 49 రాష్ట్రాల్లో కెనడీకి 3,39,02,681, నిక్సన్‌కు 3,38,70,176. తేడా 32,505. ఇవి నేను పై అంకెల నుంచే తీసివేసి చూసినవి, మీరూ ఒకసారి సరిచూసుకోండి.

పాత పత్రికల పాఠకుడు

ఆ 5,70,225 గురించి కూడా విద్యార్థులకు చెప్పాలని నా విన్నపం. 1960 జనాభా లెక్కల్లో అలబామా జనాభా 32,66,740. అప్పట్లో పోల్ టాక్స్ అనే పన్ను కట్టినవారికే ఓటు, ఏడాదికి డాలరున్నర. దానితో పాటు ఓటరుగా నమోదయ్యేందుకు రాజ్యాంగం మీద ప్రశ్నలు, చదివి రాయించే పరీక్షలు. ఆ పరీక్షలో ఎవరు నెగ్గారో తేల్చేది నమోదు అధికారుల ఇష్టం. లౌన్డెస్ కౌంటీలో జనాభాలో అత్యధికులు నల్లజాతివారే, అయినా ఆ సంవత్సరం అక్కడ నమోదైన నల్లజాతి ఓటరు ఒక్కరు కూడా లేరు. టస్కిగీ పట్టణంలో కళాశాల అధ్యాపకులు కూడా నమోదు కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. అన్నీ దాటుకుని కొందరు నమోదైతే, 1957లో శాసనసభ ఆ పట్టణపు సరిహద్దును చతురస్రం నుంచి 28 భుజాల ఆకారానికి మార్చి, నల్లజాతి ఓటర్లను దాదాపుగా అందరినీ ఊరి బయట పడేసింది. దాని మీద సోషియాలజీ అధ్యాపకుడు చార్లెస్ గోమిలియన్ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది 1960 నవంబరు 14న, అంటే పోలింగు జరిగిన ఆరు రోజులకు.

అధ్యాపకులు గారూ, మీ పట్టిక చివర చిన్న పార్టీల వరుసలో 1,485 అని ఒక అంకె ఉందేమో చూడండి. అది ఆఫ్రో అమెరికన్ పార్టీ పేరున నిలబడిన క్లెనన్ కింగ్ అనే నల్లజాతి మతబోధకుడికి పడిన ఓట్లు.

రాజనీతి అధ్యాపకుడు

చూశాను. మొదటి పుస్తకంలో ఆ అంకె ఉంది, రెండో పుస్తకంలో దాన్ని ఇతరులు అనే గడిలో కలిపేశారు. రేపటి పాఠానికి అలబామా వరుసను విడిగా పెద్ద అక్షరాలతో వేస్తున్నాను: కెనడీ ఎలక్టర్ 3,18,303, కట్టుబడని ఎలక్టర్ 3,24,050, నిక్సన్ ఎలక్టర్ 2,37,981, క్లెనన్ కింగ్ 1,485, ఓటు వేసినవారు 5,70,225. విద్యార్థులనే కూడమంటాను. మొత్తం ఎందుకు సరిపోవడం లేదని వాళ్ళు అడిగిన దగ్గర నుంచి పాఠం మొదలుపెడతాను.